ఇంజిన్ పని అయిన వారానికే కొట్టుకుంటోందా?

క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్ చేయించి, కొత్త బేరింగులు వేయించిన బండి నాలుగు వందల కిలోమీటర్లకే టకటక కొట్టుకుంటే, మందం ఆయిల్ పోసి నడిపించకండి. శబ్దం దాగుతుందే గానీ క్రాంక్ పోతుంది.

శబ్దం సన్నగా ఉంటే ముందు ఆయిల్ ప్రెషర్ చూడాలి. డ్యాష్‌బోర్డు ఆయిల్ లైటు ప్రెషర్ దాదాపు పోయాకే వెలుగుతుంది, దాన్ని నమ్మొద్దు. ఇంజిన్ మీద ఆ లైటుకి ఉండే ప్రెషర్ స్విచ్ విప్పి అక్కడ ప్రెషర్ మీటర్ బిగించి, వేడి ఇంజిన్ మీద చూడండి. ప్రతి వెయ్యి ఆర్‌పీఎమ్‌కి (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) 10 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) అన్నది మోటు లెక్క. మాన్యువల్ అంకెదే తుది మాట. శబ్దం గట్టిగా ఉంటే స్టార్టే చేయొద్దు.

ఆయిల్ ఫిల్టర్ డబ్బా కోసి, లోపలి కాగితాన్ని తెల్లగుడ్డ మీద పరవండి. అయస్కాంతానికి అంటని మెరిసే రేకులు సాధారణంగా బేరింగువే. అంటేది ఇనుము.

తర్వాత సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించి, ఆయిల్ పీల్చే చోట ఉండే స్ట్రైనర్ జాలీ చూడండి. సంపు అతుకుకి గ్యాస్కెట్ పేస్టు అతిగా పూస్తే లోపలికి ఉబికి ముక్కలై జాలీని మూసేస్తుంది. చాలా చోట్ల జరిగే తప్పు ఇదే.

ఇక విప్పి చూస్తే బేరింగులే అసలు సాక్ష్యం. అన్నీ అరిగితే ఆయిల్ అందలేదు. అన్నిటా గుండ్రంగా గీతలుంటే, క్రాంక్ ఆయిల్ రంధ్రాల్లో గ్రైండింగ్ పొడి మిగిలింది. వాటిని బ్రష్‌తో కడగలేదన్నమాట. ఒక్కటే మాడితే రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) క్యాపు వేరే రాడ్‌దానితో తారుమారైందా, తిరగేసి బిగించారా చూడండి. క్యాపు, రాడ్ మీది నంబర్లు ఒకే వైపున కలవాలి.