దీపం పెట్టని ఉగాది

బాలి నుంచి తిరుగు ప్రయాణానికి 2023 మార్చి 22న టికెట్లు వెతుకుతుంటే ఒక్క విమానమూ కనబడలేదు. సైట్ పనిచేయడం లేదేమో అనుకున్నాను. తీరా చూస్తే ఆ రోజు అక్కడ ఎయిర్‌పోర్టే మూసేస్తారట, పూర్తిగా 24 గంటలు. కారణం న్యెపి, అంటే బాలి హిందువుల కొత్త సంవత్సరం. ఆ ఏడాది మన ఉగాదీ సరిగ్గా ఆ రోజే.

అమ్మకి చెప్పాను. "పండగ పూట పరాయి దేశంలోనా?" అని కాసేపు ఆలోచించింది. తర్వాత ఎండబెట్టిన వేపపూత పొట్లం, కొత్త చింతపండు, బెల్లం, చిన్న ఇత్తడి కుంది, వత్తులు సూట్‌కేసులో సర్దేసింది. తిరుగు ప్రయాణం 24కి మార్చాను.

మేం దిగింది సనూర్‌లో, ఇంతరన్ అనే పాత ఊరి పరిధిలో ఉన్న ఒక ఇంట్లో. వెనక రెండు గదులు అతిథులకిస్తారు. ఇంటావిడని అందరూ ఇబు అంటారు, అంటే అమ్మ. ఆవిడ చేతులు జోడించి "ఓం స్వస్త్యస్తు" అనగానే మా అమ్మ ముఖం విప్పారింది. "స్వస్తి అస్తు అంటున్నారే!" అంది నాతో. అప్పట్నుంచి ఆ చెవులు అలాంటి మాటల కోసం కాచుకునే ఉన్నాయి. పవిత్ర జలం వాళ్లకీ తీర్థమే. భూతాలు 'భూత కాల'. నాలుగు దారులు కలిసే చోటు 'చతుస్పత'. మనం పుస్తకాల్లోనే చదివే చతుష్పథాన్ని అక్కడ మామూలు మాటల్లో వాడుతున్నారు. గోడమీద క్యాలెండర్లో రాబోయే ఏడాది అంకె చూపించారు ఇబు: శక 1945. మన పంచాంగంలోనూ శాలివాహన శకం 1945. శోభకృత్ అనే పేరు వాళ్లకి తెలియదు గానీ లెక్క ఒక్కటే. అధికమాసాలు వేసుకునే పద్ధతిలో తేడా ఉండటంతో కొన్నేళ్లు రెండు పండగలకీ నెల రోజుల ఎడం వస్తుంది. మేం వెళ్లిన ఏడు కలిశాయి.

పండగకి ముందు మెలస్తి జరిగింది. తెల్లబట్టలతో ఊళ్లకి ఊళ్లు దేవుళ్లని పల్లకీల్లో, గొడుగుల కింద సముద్రానికి తీసుకెళ్తారు. జనం బాగా ఉండటంతో మేం కాసేపే నిలబడగలిగాం.

21 సాయంత్రం మాత్రం మరచిపోలేను. ఆ రోజు అమావాస్య. ప్రతి పేటలోనూ కుర్రాళ్లు కొన్ని వారాలుగా కూర్చుని కట్టిన రాక్షస బొమ్మలు వీధిలోకి వచ్చాయి. వాటిని ఒగో-ఒగో అంటారు. వెదురు చట్రం మీద కాగితం అతికించి రంగులు వేస్తారు. మా వీధి చివర ఉన్న బొమ్మని దగ్గరికెళ్లి చూశాను. చాచిన చేయి నా ఎత్తుంది. ముంజేతి మీద నరాలు ఉబ్బినట్టు కనబడటానికి సన్నటి తాడు అతికించి పైన రంగు పూశారు. ఒక్కో గోరు కింద మట్టి కూడా దిద్దారు! పదేళ్ల పిల్లాడొకడు నిచ్చెనెక్కి దాని జుట్టు చిక్కు తీస్తున్నాడు.

చీకటి పడగానే పాతికమంది దాన్ని వెదురు గడల మీద ఎత్తుకున్నారు. డప్పులు, తాళాలు, కాగడాలు. కూడలికి రాగానే బొమ్మని గిరగిరా తిప్పారు. అలా తిప్పితే భూతాలకి దారి తెలియదట. 2020లో కరోనా వల్ల ఈ ఊరేగింపులు ఆగిపోయాయి. ఆ బాకీ అంతా తీర్చుకుంటున్నట్టు ఎగిరారు కుర్రాళ్లు. మన వైపు దీపావళి ముందురోజు నరకాసురుడి బొమ్మని ఊరేగించే పిల్లలు గుర్తొచ్చారు నాకు. ఇంటికొచ్చేసరికి ఇబు వాళ్లాయన కాగడా పట్టుకుని గదిగదికీ తిరుగుతున్నారు, వెనకాల పిల్లలు గిన్నెలు వాయిస్తున్నారు. అమ్మ కూడా పళ్లెం, గరిటె అందుకుంది.

తెల్లారి ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా నాలుగు నియమాలు. నిప్పు, దీపం వెలిగించకూడదు. పని చేయకూడదు. బయటికి వెళ్లకూడదు. వినోదం ఉండకూడదు. టీవీ, రేడియో రావు. 2018 నుంచి మొబైల్ ఇంటర్నెట్ కూడా ఆపేస్తున్నారు. ఆసుపత్రులకి మాత్రం మినహాయింపు. ఆ సాయంత్రమే రంజాన్ తొలి తరావీహ్ నమాజు కూడా పడింది. ముస్లింలు ఇంట్లోనో, నడిచి వెళ్లగలిగే మసీదులోనో మైకు లేకుండా చేసుకోవాలని పెద్దలు ముందే మాట్లాడుకున్నారు.

అమ్మకి అసలు టెన్షన్ దీపం గురించే. "ఏడాది మొదటి రోజు దేవుడి దగ్గర దీపం లేకుండా ఎలాగే?" అని రాత్రంతా మథనపడింది. కర్టెన్లు వేసేసి చిన్నగా వెలిగిద్దామన్నాను. తల అడ్డంగా ఊపింది. "వాళ్లింట్లో ఉన్నాం. వాళ్ల వ్రతం మన వల్ల చెడకూడదు." చీకటితోనే చన్నీళ్ల స్నానం చేసి, కుందిలో నూనె పోసి, వత్తి వేసి, వెలిగించకుండా అలాగే దేవుడి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంది.

పచ్చడికి ఇబ్బందే లేదు, దానికి పొయ్యి అక్కర్లేదు కదా! మామిడికాయ ముందురోజే బజార్లో కొన్నాం. గదిలో కూర్చుని చింతపండు పిసికి, బెల్లం చిదిపి, మామిడి ముక్కలు, ఉప్పు, పచ్చిమిర్చి కలిపి, చివర్లో వేపపూత చల్లింది. ఇబుకి గిన్నెలో ఇస్తే ఆవిడ నవ్వి "ఉపవాస" అన్నారు. ఆ మాటకి అనువాదం అక్కర్లేకపోయింది. గిన్నె మీద మూత పెట్టి దాచారు.

ఆ రోజంతా విన్న చప్పుళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: కోళ్లు, కుక్కలు, ఎక్కడో చంటిపిల్ల ఏడుపు. చీకటి పడ్డాక టైమ్ చూసుకుందామని ఫోన్ తెరిచాను. రెండు నిమిషాల్లో గేటు మీద మెల్లగా తట్టారు. గళ్లగుడ్డ కట్టుకున్న ఊరి కాపలాదారు, పెచలాంగ్ అంటారు. కోపం లేదు, కిటికీ వైపు చూపించి చేయి ఊపి వెళ్లిపోయాడు. సిగ్గేసింది. ఫోన్ ఆపి, ఇద్దరం వాకిట్లోకి వచ్చి కూర్చున్నాం.

ఊరంతా చీకటి. పడమర శుక్రుడు మెరుస్తున్నాడు. "అదిగో, పిల్లలకోడి" అంది అమ్మ వాయవ్యం వైపు చూపిస్తూ. నా చిన్నప్పుడు డాబా మీద పడుకుని అమ్మ చూపించే ఆ చుక్కల గుంపుని హైదరాబాద్ వచ్చాక మేమిద్దరం ఒక్కసారీ చూడలేదు. నలభై లక్షలకు పైగా జనం ఉన్న ద్వీపంలో ఒక్క రోజు ఇలా అందరూ లైట్లు ఆర్పుకోగలగడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఆరు దాటాక వీధిలో మొదటి స్కూటర్ స్టార్టయింది. అమ్మ కుంది వెలిగించింది. ఫోన్‌లో నాన్న మిస్డ్ కాల్ మెసేజ్‌లు వరసగా వచ్చిపడుతున్నాయి. ఇబు దాచిన గిన్నె తెచ్చుకుని మా ఎదురుగానే కూర్చుని ఒక చెంచా నోట్లో వేసుకున్నారు. పులుపుకి కళ్లు మూసుకున్నారు, ఆ తర్వాత చేదు తగిలింది కాబోలు, ఒక్కసారిగా కళ్లు తెరిచి "ఇంతరన్!" అన్నారు.

ఊరి పేరు ఎందుకు చెప్తున్నారో అర్థం కాలేదు. ఆవిడ అమ్మ చేయి పట్టుకుని గేటు బయటికి తీసుకెళ్లి, గోడ పక్కనున్న వేపచెట్టు చూపించారు.