అమెరికాలో ప్రకృతి వైద్యం: ముందు తేల్చుకోవలసింది రాష్ట్రం

హైదరాబాద్‌లో బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) చదివి, పెళ్లయ్యాక డాలస్ దగ్గరి ఇర్వింగ్‌కు వచ్చిన మా పిన్ని కూతురు కిందటి నెల ఒక సర్టిఫికెట్ తెచ్చి మా భోజనాల బల్ల మీద పరిచింది. బంగారు రంగు అంచు, ఎర్రటి ముద్ర, మధ్యలో పెద్ద అక్షరాలతో ‘నేచురోపతిక్ డాక్టర్’. ఏడు నెలల ఆన్‌లైన్ కోర్సుకు ఇచ్చారట. “అన్నయ్యా, ఇక క్లినిక్ తెరవచ్చు కదా?” అని అడిగింది. ఆ కాగితంతో ఎక్కడా లైసెన్సు రాదని ఆమెకు చెప్పడం నాకు కష్టమే అయింది.

ఈ దేశంలో వైద్య వృత్తులకు అనుమతినిచ్చేది కేంద్రం కాదు, రాష్ట్రాలు. డాలస్ ఉన్న టెక్సస్ నేచురోపతికి, అంటే ప్రకృతి వైద్యానికి, లైసెన్సే ఇవ్వదు. ఫ్లోరిడా కొత్త లైసెన్సులను 1959లోనే ఆపేసింది. టెనెసీ, సౌత్ కరోలినాలైతే ఈ వైద్యాన్నే నిషేధించాయి. లైసెన్సు ఇచ్చే రాష్ట్రాలు సాధారణంగా రెండు కోరతాయి: నేచురోపతి కళాశాలలకు గుర్తింపునిచ్చే సీఎన్‌ఎంఈ అనే సంస్థ గుర్తింపు ఉన్న కళాశాలలో డిగ్రీ తర్వాత నాలుగేళ్ల చదువు, రెండు భాగాల ఎన్‌ప్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష. మన బీఎన్‌వైఎస్ అయిదున్నరేళ్లదైనా ఆ గుర్తింపు లేనందున, దానితో నేరుగా పరీక్షకు కూర్చోవడం కుదరదు. ఇది అన్యాయమని మా చెల్లెలు అంటుంది, నాకూ కొంత అలాగే అనిపిస్తుంది. కానీ నిబంధన నిబంధనే.

లైసెన్సు దొరికినా అధికారం అంతటా ఒకటి కాదు. ఆరెగాన్, వాషింగ్టన్, ఆరిజోనాలలో చాలా మందులు రాయవచ్చు, కనెక్టికట్‌లో రాయకూడదు, యూటాలో ముందుగా ఏడాది రెసిడెన్సీ (పర్యవేక్షణలో వైద్య శిక్షణ) చేయాలి. కాలిఫోర్నియాలో ‘నేచురోపతిక్ డాక్టర్’ అనే పేరు లైసెన్సు ఉన్నవారిదే కాగా, ‘నేచురోపత్’ అని మాత్రం లైసెన్సు లేనివారూ చెప్పుకోవచ్చు. బోర్డు మీది ఈ ఒక్క మాట తేడాను ఎంతమంది రోగులు గమనిస్తారో!

ఉపాధి సంగతికి వస్తే, ఎక్కువమంది సొంత క్లినిక్కే నడుపుకుంటారు. ఎండీలతో (అల్లోపతి డాక్టర్లతో) కలిసి పనిచేసే కేంద్రాలు, బోధన, సప్లిమెంట్ కంపెనీలు మిగిలిన దారులు. వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికేర్ ఈ సేవలకు డబ్బు చెల్లించదు కాబట్టి, వృద్ధ రోగుల మీద ఆధారపడదలచినవారు చదువు అప్పుకు సంతకం పెట్టేముందే లెక్క వేసుకోవడం మేలు.

డాలస్‌లోనే ఉండాలంటే యోగా బోధన ఒక దారి. రిజిస్టర్డ్ డైటీషియన్ (గుర్తింపు పొందిన ఆహార నిపుణురాలు) కావాలంటే 2024 నుంచి మాస్టర్స్ తప్పనిసరి, అదీ ఆలోచించదగినదే. ఆమె మాత్రం ఆరిజోనాలోని టెంపీ నగరంలో ఉన్న నేచురోపతి కళాశాల ప్రవేశ నిబంధనలు చదువుతోంది. మా బావగారి ఉద్యోగం అక్కడికి మారుతుందా అన్నది ఇంకా తేలలేదు. సర్టిఫికెట్ నా దగ్గరే ఉంది. తీసుకెళ్లమంటే, “ఫీజు వాపసు అడగాలి, ముందు స్కాన్ చేసి పెట్టు అన్నయ్యా” అంది.