వైరు కొనే ముందు చోటు చూసుకోవాలి: 40 మీటర్ల డైపోల్‌తో నా అనుభవం

హ్యామ్ రేడియోలో, అంటే లైసెన్సు తీసుకుని సరదాకు నడిపే రేడియోలో, 40 మీటర్ల బ్యాండుకు (7 మెగాహెర్ట్జ్ దగ్గరి ఫ్రీక్వెన్సీలకు) డైపోల్ కట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది వైరు ఎంత పొడవని. డైపోల్ అంటే నడిమిలో కేబుల్ తగిలించి రెండు వైపులా సమానంగా చాచిన వైరు యాంటెన్నా. ఆ లెక్క తేలిక. 143ని మెగాహెర్ట్జ్‌లో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20.14 మీటర్లు, అంటే నడిమి నుంచి ఒక్కో వైపు 10.07. తల తినేది చోటు. అంత నిడివి ఉండాలి, కరెంటు తీగలకు దూరంగా ఉండాలి, రేడియోలో గోల తక్కువ ఉండాలి. ఈ మూడూ ఒక్కచోట కుదరడం అరుదు. అందుకే టేపు, బ్యాటరీతో నడిచే షార్ట్‌వేవ్ రేడియో పట్టుకుని చోటు చూడటంతోనే మొదలుపెట్టాను.

అంతకుముందే తేల్చుకోవాల్సినవి నిబంధనలు. ప్రసారం చేయాలంటే లైసెన్సు, కాల్‌సైన్ (మన స్టేషన్ గుర్తింపు పేరు) తప్పనిసరి. ఈ బ్యాండు అమెరికా ఖండాల్లో 7.0 నుంచి 7.3 మెగాహెర్ట్జ్ దాకా ఉంటే, మిగతా ప్రపంచంలో 7.2తోనే ఆగిపోతుంది, ఆపైన బ్రాడ్‌కాస్ట్ స్టేషన్లు ఉంటాయి. ఏ తరగతి లైసెన్సుకు ఎంత పవర్ అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. రెండో అనుమతి భవనం యజమానిది లేదా అసోసియేషన్‌ది. నోటిమాట చాలదు, కాగితం మీద ఉండాలి. స్తంభం ఎత్తు, వైరు వెళ్లే దారి, ఎర్త్ రాడ్ ఎక్కడ వస్తుందో చూపిస్తూ ఒక పేజీ బొమ్మ గీసి ఇస్తే సగం అభ్యంతరాలు అక్కడే తీరిపోతాయి. విమానాశ్రయం దగ్గర్లో ఉంటే ఎత్తు మీద వేరే పరిమితులుంటాయి, అవి కూడా కనుక్కోవాలి.

ఇక గోల సంగతి. రేడియోను 7.1 దగ్గర పెట్టి, వైరు రాబోయే దారి పొడవునా నడవాలి. దాన్ని చార్జర్‌కు తగిలించి వింటే ఆ చార్జర్ రొదే వినిపిస్తుంది, కాబట్టి బ్యాటరీ మీదే నడపాలి. సాయంత్రం దీపాలు వెలిగాక ఒకసారి, మంచి ఎండలో ఒకసారి వినాలి. ఎల్‌ఈడీ దీపాల్లోని డ్రైవర్ సర్క్యూట్లు రాత్రి అరిస్తే సోలార్ ఇన్వర్టర్లు పగలు అరుస్తాయి. ఇంటి మెయిన్ స్విచ్ ఆపినా రొద తగ్గలేదంటే అది బయటిది. అప్పుడు వైరు దిశ మార్చడమో, నాలుగు మీటర్లు పక్కకు జరపడమో చేయాలి. ఎంత మంచి రిసీవర్ కొన్నా ఆ రొదలో మునిగిన సిగ్నల్‌ను బయటికి లాగలేదు.

కరెంటు తీగల విషయంలో నా కొలమానం ఒక్కటే. స్తంభం ఎటు కూలినా, వైరు తెగి ఎటు ఊగినా తీగకు తగలకూడదు. తగిలే అవకాశం కొంచెం ఉన్నా ఆ చోటును వదిలేయాలి. ఇందులో బేరం లేదు.

తిన్నగా 20 మీటర్లు దొరక్కపోతే ఇన్వర్టెడ్ వీ, అంటే నడిమిని పైకెత్తి రెండు రెక్కలను కిందికి వాల్చిన డైపోల్, కట్టుకోవచ్చు. నడిమి 9 మీటర్ల ఎత్తున, చివర్లు 3 మీటర్ల ఎత్తున ఉంటే నేల మీద 16 మీటర్లు కాస్త దాటుతుంది. తాళ్లకు అటూ ఇటూ ఇంకొంత చోటు చూసుకోవాలి. రెండు రెక్కల మధ్య కోణం 106 డిగ్రీలకు అటూఇటూగా వస్తుంది. 90 కంటే తగ్గనివ్వకూడదు. చివర్లు 3 మీటర్ల కంటే కిందికి దిగకూడదనడానికి కారణం ఉంది: ప్రసారం జరుగుతున్నప్పుడు అత్యధిక వోల్టేజీ ఉండేది అక్కడే, చెయ్యి తగిలితే కాలుతుంది. ఈ ఎత్తులో సిగ్నల్ ఎక్కువగా నిట్టనిలువుగా పైకి వెళ్లి కొన్ని వందల కిలోమీటర్ల పరిధిలో దిగుతుంది. ఖండాలు తేలిగ్గా దాటాలంటే 20 మీటర్ల ఎత్తు కావాలి, అది అందరికీ అయ్యే పని కాదు.

సామానులో అందరూ రాగి నాణ్యత గురించి వాదించుకుంటారు గానీ, ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల మల్టీస్ట్రాండ్ వైరు చాలు. మెత్తటి రాగి బిగువుకు సాగుతుంది, దాంతో ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది. అందుకే మరీ బిగించి కట్టను. తాడు మాత్రం పాలిస్టర్‌దే. నైలాన్ తడిస్తే సాగుతుంది, పాలీప్రొపిలీన్ ఎండకు పొడిపొడిగా రాలుతుంది. చెట్టుకు కడితే కప్పీ వేసి తాడు చివర బరువు వేలాడదీయాలి, లేకపోతే మొదటి గాలివానకే వైరు తెగుతుంది.

రేడియో నుంచి యాంటెన్నాకు వెళ్లే కోయాక్స్‌కు (నడిమిలో తీగ, చుట్టూ లోహపు అల్లిక ఉండే కేబుల్) ఆర్‌జీ-58 అనే సన్నటి రకం సరిపోతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర 30 మీటర్లకు పోయేది ఒక డెసిబెల్‌కు కాస్త పైన, అంటే పవర్‌లో ఐదో వంతుకు కాస్త ఎక్కువ. నడిమిలో చోక్ (కేబుల్ అల్లిక బయటివైపు పారే కరెంటును అడ్డుకునేది) కావాలి: 61 మిల్లీమీటర్ల వ్యాసమున్న, మిక్స్ 31 అనే రకం ఫెర్రైట్ రింగు మీద ఆ కోయాక్స్‌నే 12 చుట్లు చుట్టాలి. చూడటానికి అలాగే ఉండే, రంగు పూసిన ఐరన్ పౌడర్ రింగులు ఈ పనికి రావు. చోక్ లేకపోతే కేబుల్ పై అల్లిక కూడా యాంటెన్నాలో భాగమైపోయి, ఇంట్లోని రొదనంతా మోసుకొస్తుంది.

వైరును లెక్క కంటే ఒక్కో వైపు 30 సెంటీమీటర్లు ఎక్కువే కోస్తాను. పైకెత్తి నానోవీఎన్ఏతో (యాంటెన్నాను కొలిచే చిన్న పరికరం) చూస్తే, ఇన్సులేషన్ వల్లా, నేలకు దగ్గరగా ఉన్నందువల్లా, ఈ అదనపు పొడవు వల్లా అనుకున్న దానికంటే తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గరే పలుకుతుంది, అంటే బాగా కుదిరేది అక్కడే. ఉన్న పొడవును కొలిచిన ఫ్రీక్వెన్సీతో గుణించి, కావలసిన దానితో భాగిస్తే కొత్త పొడవు వస్తుంది. 20.7 మీటర్లు 6.9 దగ్గర పలికితే 7.1కి 20.12 కావాలి, అంటే ఒక్కో వైపు 29 సెంటీమీటర్లు తగ్గించాలి. కత్తిరించడం కంటే చివరను వెనక్కి మడిచి వైరుకే గట్టిగా చుట్టడం మేలు, మళ్లీ విప్పుకోవచ్చు.

కోయాక్స్ పై చివరను సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపుతో (తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు) మూసి, దాని మీద ఎండకు ఆగే పీవీసీ టేపు చుట్టాలి. ఇంట్లోకి వచ్చేచోట కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పితే నీళ్లు అక్కడే కారిపోతాయి. పైన సందు ఉంటే నీరు అల్లిక వెంట లోపలికి పాకుతుంది. అప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్‌లో వెనక్కి వచ్చేది ఎంతో చెప్పే కొలత, 1 అయితే ఏమీ రాదు) పెరగదు, ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే వెనక్కి రావాల్సిన పవర్‌ను తడిసిన కేబులే మింగేస్తుంది. బ్యాండంతా ఉన్నట్టుండి 1.2 చూపిస్తే సంతోషించకుండా, పైన యాంటెన్నాను విడదీసి, కేబుల్ చివరను ఏమీ తగిలించకుండా వదిలేసి కింద కొలవాలి. 20 మీటర్ల ఆర్‌జీ-58 బాగుంటే 10 దరిదాపుల్లో చూపిస్తుంది. 3 చూపించిందంటే పంపే పవర్‌లో సగం కేబుల్లోనే పోతోంది, మార్చాల్సిందే.