స్కూటరు ఎప్పుడు ఆగిపోతున్నదో గమనించారా?

నడుస్తున్న స్కూటరు ఉన్నట్టుండి ఆగిపోతున్నదని షెడ్డుకు తీసుకువెళితే, మా ఒంగోలులో సాధారణంగా జరిగేది ఒకటే. ప్లగ్గు మారుస్తారు, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్‌ను ఊడదీసి కడుగుతారు, ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజను తిరిగే వేగం) స్క్రూను కాస్త బిగించి ఇంజను మోత పెంచి, "ఇక ఆగదు సార్" అంటూ తాళం చేతిలో పెడతారు. ఐడ్లింగ్ పెంచినందువల్ల బండి కొన్నాళ్లు నిజంగానే ఆగదు, కానీ జబ్బు అలాగే ఉండిపోయి పెట్రోలు ఖర్చు మాత్రం పెరుగుతుంది. పైగా గేర్లు లేని స్కూటరుకు ఐడ్లింగ్ మరీ పెంచితే క్లచ్ పట్టుకొని, యాక్సిలరేటర్ తిప్పకపోయినా బండి ముందుకు లాగుతుంది. ట్రంకు రోడ్డు రద్దీలో అది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

ఇంజను నడవాలంటే గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, కంప్రెషన్ (పెట్రోలు, గాలి మిశ్రమాన్ని సిలిండరులో గట్టిగా నొక్కడం) కావాలి. వీటిలో ఏది తప్పుతున్నదో తెలియాలంటే, పానా పట్టుకోక ముందే బండి ఏ పరిస్థితిలో ఆగుతున్నదో గమనించాలన్నది నా అభిప్రాయం.

యాక్సిలరేటర్ ఇచ్చినంత సేపు బాగానే నడిచి, వదలగానే ఆగిపోతుంటే కార్బొరేటర్‌లోని పైలట్ జెట్‌ను, అంటే ఐడ్లింగ్‌లో పెట్రోలు అందించే సన్న రంధ్రపు ముక్కను, అనుమానించాలి. చాలా రోజులు కదలకుండా ఉన్న బండిలో పెట్రోలు ఎండి జిగురుగా మారి, ఆ సన్నని రంధ్రాన్ని మూసేస్తుంది. దానిని సూదితో పొడవకూడదు, రంధ్రం పెద్దదైతే జెట్టే మార్చవలసి వస్తుంది. వానాకాలంలో, ముఖ్యంగా వాయుగుండాలు పట్టే నవంబరు, డిసెంబరు నెలల్లో మాత్రమే ఆగుతుంటే ప్లగ్గు క్యాపు తీసి చూడాలి. కొత్తపట్నం, మైపాడు వంటి తీరపు ఊళ్లలో తిరిగే బండ్లలో ఆ క్యాపు లోపలి ఇత్తడి ముక్కకు పచ్చని చిలుము పడుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటున్నది. ఇథనాల్ కొంత నీటిని తనలో కలుపుకోగలదు గాని, పరిమితి దాటితే నీటితో సహా విడిపోయి అడుగుకు చేరుతుంది, అది ఇంజనులోకి వెళితే బండి ఆగుతుంది. కార్బొరేటర్ అడుగునున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలో పట్టి కాసేపు ఉంచితే, అడుగున వేరే పొర నిలిచిందో లేదో కంటికే తెలుస్తుంది.

ఇంజను వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ స్టార్టయ్యే బండ్ల సంగతి వేరు. ప్లగ్గుకు కరెంటునిచ్చే ఇగ్నిషన్ కాయిల్ బలహీనపడినా, వాల్వు క్లియరెన్స్ (వాల్వు దగ్గర ఉండవలసిన సన్నని సందు) మరీ తగ్గిపోయినా ఇలాగే జరుగుతుంది. మా బండి లక్షణాలు కూడా పైకి ఇలాగే కనిపించాయి. 2015 మోడల్ కార్బొరేటర్ బండి అది. ఊళ్లో ఎంత తిప్పినా ఏమీ కాదు, చీమకుర్తి దారి పట్టి సంతనూతలపాడు దాటే సరికి రెండు మూడు సార్లు గునిసి ఆగిపోయేది. కాసేపు ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. వేడి వల్లనే అని ఒక షెడ్డులో కాయిల్ మార్చారు, మార్పు రాలేదు. విచిత్రమేమిటంటే, ట్యాంకు నిండుగా ఉన్న రోజున ఇంకా ముందుగా ఆగేది.

ఈ చివరి మాట వినగానే ఇంకో షెడ్డులోని పెద్దాయన, "ఈసారి ఆగినప్పుడు కిక్కు కొట్టబాకండి సార్, పెట్రోలు మూత తీసి చెవి పెట్టి వినండి" అన్నారు. ఆయన చెప్పినట్టే చేస్తే, మూత తిప్పగానే లోపలికి గాలి పీల్చుకుంటున్న 'స్' మన్న చప్పుడు స్పష్టంగా వినిపించింది, బండి వెంటనే స్టార్టయింది. ట్యాంకులో పెట్రోలు తగ్గే కొద్దీ ఆ మేరకు గాలి లోపలికి వెళ్లేందుకు మూతలో సన్నని దారి ఉంటుంది. చీమకుర్తి దారిలో గ్రానైట్ లారీలు రేపే బూడిద రంగు దుమ్ము, వాన తడితో కలిసి ఆ దారిలో సిమెంటులా గట్టిపడింది. గాలి వెళ్లకపోతే ట్యాంకులో పీడనం పడిపోయి పెట్రోలు కిందికి దిగదు. నిండు ట్యాంకులో పైన ఉండే గాలి తక్కువ కనుక ఆ స్థితి మరింత త్వరగా వస్తుంది. మూతను సబ్బు నీటిలో నానబెట్టి, కంప్రెసర్ గాలితో ఊదించాక, అదే దారిలో బండి మళ్లీ ఆగలేదు.

ఆ దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌నూ వదలదు. ఫిల్టర్ మూసుకుపోతే ప్లగ్గు కొన నల్లగా మసిపడుతుంది. నూనె తడి ఉండే కాగితపు ఫిల్టర్‌ను గాలితో ఊది మళ్లీ బిగించడం మన దగ్గర మామూలే గాని, అది మార్చవలసిన వస్తువే తప్ప శుభ్రం చేసి వాడేది కాదు.

2017 ఏప్రిల్‌లో బీఎస్-4 కాలుష్య నియంత్రణ నిబంధనలు వచ్చాక తయారైన స్కూటర్లలో పెట్రోలు ఆవిరి ఒక గొట్టం గుండా, దానిని పీల్చుకొనే బొగ్గు డబ్బాలోకి వెళుతుంది కనుక, వాటిలో మూతతో పాటు ఆ గొట్టం ఎక్కడైనా మడత పడిందేమో చూడాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 స్కూటర్లలో చాలా వాటికి కార్బొరేటరే లేదు, పెట్రోలును ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అటువంటి బండి ఆగినప్పుడు మీటరులో ఇంజను లైటు వెలుగుతుంటే లోపాన్ని చదివే స్కానరు ఉన్న చోటికే తీసుకువెళ్లాలి. లైటు వెలగకుండా, గతుకుల్లో మాత్రమే ఆగుతుంటే, సైడ్ స్టాండు దించితే ఇంజను ఆపే స్విచ్చి మీ బండికి ఉన్నదేమో తెలుసుకొని, ముందు దాని వైరు కదిపి చూడండి.