పాత కారు రేకుకు తుప్పు పట్టినప్పుడు

పెయింటు చిన్న బుడగలా ఉబ్బిన చోట తుప్పు చాలావరకు లోపలి వైపు నుంచే రేకును తినుకుంటూ వచ్చి ఉంటుంది. అందుకే గ్రైండర్ పట్టే ముందు స్క్రూడ్రైవర్ మొనతో చుట్టూ పొడిచి చూడటం నాకు అలవాటు; ఖంగుమని మోగే రేకును ఉంచవచ్చు, మొన దిగబడి పొరలుగా రాలేదాన్ని కోసేయాలి. ఈ కోతలో పిసినారితనం పనికిరాదు, ఎందుకంటే పలచబడిన అంచు వెల్డింగ్ వేడికి నిలవక కరిగి కన్నం పడుతుంది.

అతుకు ముక్కను అసలు రేకు మందానికి సరిపోయే ఉక్కు రేకు నుంచి, సాధారణంగా 0.8 నుంచి 1 మిల్లీమీటరు మందం గలదాని నుంచి, కత్తిరించుకోవాలి. మిగ్ (వాయువు రక్షణలో సన్నని తీగను కరిగిస్తూ అతికే) వెల్డింగ్‌ను ఒకే గీతగా లాగితే వేడికి రేకు వంకరపోతుంది కనుక, ఒక చుక్క ఇక్కడా మరొకటి ఎదుటి అంచునా పెట్టి, చేయి ఆనించగలిగేంత చల్లారాకే తరువాతి చుక్కకు వెళ్లాలి. ఈ నిదానమైన పనే నాకు అన్నిటికంటే ఇష్టం. ముందుగా బ్యాటరీ తీగలు విప్పడం, వెనుకనున్న లైనింగ్ తీసేయడం, పెట్రోలు ట్యాంకు దగ్గరైతే దాన్ని దింపి దూరంగా పెట్టడం తప్పనిసరి.

అతుకును నునుపు చేశాక ఎపాక్సీ ప్రైమర్ (తేమను ఆపే అడుగు పూత), దానిపై పలుచగా పుట్టీ. కన్నాన్నే పుట్టీతో పూడ్చి రంగు వేయడం మాత్రం ఆ కారుకు అన్యాయం చేయడమే. వెనుక తడి చేరుతూనే ఉంటుంది, తుప్పు కంటికి కనబడకుండా పాకుతుంది. రంగు ఆరాక బోలు భాగాల్లోకి మైనం పిచికారీ చేసి, తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు పూడుకుపోలేదని సన్నని తీగతో చూసుకోవాలి.