స్పీడీ పనుల చిట్టా: మెయిన్ యార్డ్ మళ్లీ వంగింది

నేను కడుతున్నది స్పీడీ అనే పాత తెరచాప యుద్ధనౌక నమూనా. మెయిన్ యార్డ్ అంటే దాని ప్రధాన స్తంభానికి అడ్డంగా ఉండి తెరచాపను మోసే కొయ్య. రాత్రి గాజు పలక మీద పెడితే చక్కగా ఆనిన యార్డ్, పొద్దున లేచేసరికి మధ్యలో 1.5 మి.మీ. పైకి లేచింది. కోపంతో విరిచేద్దామనిపించింది!

కిట్‌లో ఇచ్చిన యార్డ్ వేసేస్తే ఈ గొడవే ఉండదు. కానీ బ్రిటిష్ నౌకాదళ కెప్టెన్ థామస్ కాక్రేన్ ఓడ చేస్తూ ఆయన గడుసుతనం వదిలేస్తే ఇంకేం మజా? 1800లో ఈ బుల్లి బ్రిగ్ (రెండు స్తంభాల ఓడ) చేతికొచ్చాక, ఇంకా పెద్ద మెయిన్ యార్డ్ కావాలని అడిగాడు. ఫ్రెంచివాళ్ల నుంచి పట్టుకున్న జెనెరూ యుద్ధనౌకలోని ఫోర్ టాప్‌గాలంట్ యార్డ్ ఇచ్చారు. ఆ పెద్ద ఓడలో ముందు స్తంభం మీద పైనెక్కడో ఉండే కొయ్య, స్పీడీకి మెయిన్ యార్డ్ అన్నమాట. పైవాళ్లు కొలతలు చూసి, పొడవెక్కువైంది, కోసెయ్యమన్నారు. ఈయన చివర్లకు చిత్రిక పట్టించి, కోసినట్టు కనిపించేలా చేసి, అదే కొయ్యను మళ్లీ ఎక్కించాడు.

అందుకే 1:64 స్కేల్‌లో కిట్ యార్డ్ కంటే 14 మి.మీ. పెంచాను. అసలు ఓడ మీద అది దాదాపు 3 అడుగులు. ఇది పూర్తిగా నా అంచనా. మందం మధ్యలో 5 మి.మీ., చివర 2.4.

మొదటి అనుమానం చెక్క నార మీద. బజారులో దొరికే గుండ్రటి పుల్లల్ని మెషీన్ నార చూడకుండా కోస్తుంది. సిరా చుక్క వేసి చూస్తే అది 100 మి.మీ. పొడవులో 4 మి.మీ. పక్కకు పాకింది. దాంతో డ్రిల్‌కు బిగించి ఉప్పు కాగితంతో తిప్పే పద్ధతి మానేశాను. పియర్‌వుడ్ ముక్కను కత్తితో నార వెంబడే చీల్చి, చదరంగా చేసి, ఒక్కో వైపును 5:7:5 లెక్కన గీసి, మూలలు చెక్కి ఎనిమిది ముఖాల కడ్డీ చేశాను. 5 మి.మీ. మందం దగ్గర 1.5, 2, 1.5. ఆ తర్వాతే గుండ్రం చేశాను. లేత్ లేనిదే యార్డ్ రాదనేవాళ్ల మాట నేను నమ్మను, చిన్న చిత్రిక చాలు. వంపు 0.6కి దిగింది. పోలేదు.

ఇక మిగిలింది విశాఖ తేమ. ఏసీ గదిలో మీటర్ 55 శాతం చూపిస్తే, వరండాలో పొద్దున 84. మిగిలిన ముక్కలు తీసుకుని ఒకదానికి చుట్టూ నల్ల రంగు, ఇంకోదానికి పైవైపు మాత్రమే వేసి, రెండూ వరండాలో పెట్టాను. మొదటిది కదల్లేదు. రెండోది రంగు లేని వైపు ఉబ్బి వంగింది. అంటే ఒకవైపు తేమ పీల్చుకుంటోంది, రెండోవైపు పీల్చుకోవడం లేదు. గాజు మీద పడుకోబెట్టి ఆరబెట్టడమే కారణమని ఇప్పటికి నా అనుమానం. ఈసారి చుట్టూ శాండింగ్ సీలర్ (చెక్క రంధ్రాలు మూసే పూత) పట్టించి, దారంతో నిలువుగా వేలాడదీశాను. బ్రేస్ తాళ్లు (యార్డ్‌ను అటూ ఇటూ తిప్పే తాళ్లు) బిగించాక మళ్లీ వంగితే, అప్పుడు తాళ్ల సంగతి చూడాలి.

తెల్లపొణికి చెక్క వాడమని ఒక మిత్రుడి సలహా. కొండపల్లి బొమ్మకు అది బంగారం, కానీ 2.4 మి.మీ. చివరకు మరీ మెత్తన. రంగుల్లో నాకు వల్లెహో నలుపే ఇష్టం, పలచగా వేసినా చక్కగా పరుచుకుంటుంది. యార్డ్ చివర 3 మి.మీ. మాత్రం రంగు వేయకుండా, సీలర్‌తోనే వదిలేస్తాను. అప్పుడే చిత్రిక పట్టినట్టు ఉండాలి కదా!

14 ఫిరంగులూ కూర్చున్నాయి, తాళ్లతో సహా.

యార్డ్ తేలాక రెండు ఆలోచనలున్నాయి. ఒకటి, గామో అనే స్పానిష్ యుద్ధనౌక పక్క గోడ మాత్రం కట్టడం. 1801 మే 6న 54 మందితో స్పీడీ దాన్ని పట్టుకుంది, అందులో 319 మంది ఉన్నారు. స్పీడీ దాని పక్కకే చొచ్చుకుపోతే, గామో గుళ్లు నెత్తి మీదుగా పోయాయి. ఆ ఎత్తుల తేడా పక్కపక్కన పెట్టి చూడాలని ఉంది. కాకపోతే గామో కొలతలు ముందు పట్టుకోవాలి.

రెండోది తేలిక. ఒకసారి కాక్రేన్ స్పీడీకి డేనిష్ బ్రిగ్ క్లోమర్ వేషం వేసి, ఓడలో ప్లేగు భయం ఉందన్నట్టు పసుపు జెండా ఎత్తి స్పానిష్ ఓడను తప్పించుకున్నాడు. కాబట్టి డేనిష్ జెండా ఒకటి, పసుపుది ఒకటి. టిష్యూ కాగితమా, సన్నని సిల్కా అన్నది తేల్చుకోవాలి. సిల్క్ మడత బాగా నిలబడుతుంది, కానీ రంగు పాకుతుందేమోనని టెన్షన్.