ఆరున్నొక్కటి

మా బాబాయ్ నోటివెంట ఏడు అనే అంకె నేను ఎప్పుడోగానీ వినలేదు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచానికి "లాభం" అనేవాడు. తర్వాత రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆ పైన "ఆరున్నొక్కటి". ఏడు అంటే ఏడవమన్నట్టు ఉంటుందని, ఇంటికొస్తున్న లక్ష్మిని ఆ మాటతో పిలవకూడదని ఆయన నమ్మకం. తణుకు పక్క మా ఊళ్లో పెద్దవాళ్లంతా అలాగే కొలిచేవారు. డెబ్బై రెండేళ్ల వయసులో, లాస్ వేగాస్‌లో పాచికల బల్ల పక్కన నిలబడి ఆయన అదే మాట అంటాడని నేను ఊహించలేదు.

నేను ఏడాదికోసారి వేగాస్ వెళ్తాను. ఎనిమిదేళ్లుగా వెళ్తున్నాను. కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో, ఫార్మసీలో పని నాది, రోజంతా నిలబడే ఉద్యోగం. ఆ రెండు రాత్రులూ కూడా నిలబడే ఉంటాను, కానీ ఆ అలసట వేరు. మా ఆయన పేకముక్క ముట్టడు, నన్ను వద్దనడు. ఈసారి బాబాయ్ విజిటర్ వీసా మీద వచ్చి రెండు నెలలైంది. పొద్దున వాకింగు, సాయంత్రం మళ్లీ వాకింగు, మధ్యలో పిన్నితో ఫోను. మోకాళ్ల నొప్పులని పిన్ని తణుకులోనే ఉండిపోయింది. "నాతో వస్తావా బాబాయ్?" అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎంత తీసుకెళ్తావమ్మాయ్?" అన్నాడు.

ఆ ప్రశ్న ఆయన ఎందుకడిగాడో నాకు తెలుసు. మా తాతయ్య పేకాటలో రెండెకరాలు పోగొట్టాడు. ఒక్క రాత్రిలో కాదు, రెండు శీతాకాలాల్లో. పోయింది తిరిగొస్తుందని ఇంకొంచెం, అది పోతే మరికొంచెం. నాయనమ్మ గాజులు తాకట్టుకి వెళ్లిన రోజున బాబాయ్‌కి పదకొండేళ్లు. షావుకారు దుకాణం మెట్ల దాకా ఆవిడతో వెళ్లింది ఆయనే. ఆ ఇంట్లో పెరిగి కూడా బాబాయ్‌కి ముక్కలంటే ప్రాణం. రిటైరయ్యాక క్లబ్బులో రమ్మీ ఆడతాడు. జేబులో ఎంతుంటే అంతే, అప్పు పెట్టడు, అప్పు ఇవ్వడు. నాకు పదమూడు ముక్కలు పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే.

అందుకే రెండు కవర్లు చూపించాను. ఒక్కోదాంట్లో మూడొందల డాలర్లు. కార్డులన్నీ హోటల్ గదిలో లాకర్లో పెట్టేస్తాను, కవరు ఖాళీ అయితే బయటికొచ్చి వీధిలో నడుస్తాను. ఎనిమిదేళ్లలో మూడుసార్లు అలా నడిచాను. బాబాయ్ కవరు తీసుకుని లెక్కపెట్టి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున బయల్దేరాం. బార్‌స్టో దాటాక కూడా అంతా ఎడారే. బేకర్‌లో 134 అడుగుల థర్మామీటరు దగ్గర ఆగి ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. 1913లో డెత్ వ్యాలీలో నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండకు గుర్తుగా అంత ఎత్తు కట్టారు. బాబాయ్ రెంటచింతల ఎండల గురించి చెప్పాడు.

బ్లాక్‌జాక్ అంటే ముక్కల మొత్తం 21 దాటకుండా డీలరును గెలవాల్సిన పేకాట. మేం దిగిన హోటల్లో ఆ బల్లలన్నిటి మీదా 6కి 5 అని రాసి ఉంది. కొత్తగా వెళ్లేవాళ్లు దీన్ని గమనించాలని గట్టిగా చెబుతాను. మొదటి రెండు ముక్కల్లోనే ఆసు, పది పడితే పాత పద్ధతిలో పది డాలర్లకు పదిహేను ఇస్తారు. 6కి 5 బల్ల మీద పన్నెండే. ఆ మూడు డాలర్ల తేడాతో కాసినో వాటా ఇంచుమించు 1.4 శాతం పెరుగుతుంది. సరిగ్గా ఆడేవాడి దగ్గర కాసినోకు మిగిలేదే అర శాతం, దాని పక్కన ఇది చాలా పెద్ద దెబ్బ. బల్ల మీద చిన్నక్షరాల్లో ఉంటుంది, కూర్చోక ముందే చదవాలి. నేను లేచి వచ్చేశాను.

పక్కన త్రీ కార్డ్ పోకర్ బల్ల. బాబాయ్ దూరంనుంచే గుర్తుపట్టాడు: "ఇది మన మూడు ముక్కలాటే కదే!" నిజంగా చాలా దగ్గర. ఇద్దరం కూర్చున్నాం. తేడా ఏమిటంటే మనలో మనం ఆడం, డీలరుతో ఆడతాం. డీలరు చేతిలో కనీసం రాణి లేకపోతే ఆ చేయి లెక్కలోకి రాదు. ఇరవై నిమిషాలు బానే సాగింది. అప్పుడు బాబాయ్ చూపు బల్ల మీద అచ్చేసిన చెల్లింపుల పట్టీ మీద పడింది. వరసగా, ఒకే రంగులో మూడు ముక్కలు వస్తే 40 రెట్లు. మూడూ ఒకే అంకె వస్తే 30 రెట్లు.

"తప్పు వేశారమ్మాయ్" అన్నాడు. "మూడు ఆసులకంటే పైన ఏముంటుంది?"

మన ఆటలో మూడు ఒకే అంకె అన్నిటికంటే పెద్దది, ప్యూర్ సీక్వెన్స్ దాని కింద. యాభై ఏళ్లుగా ఆయన సంక్రాంతులన్నీ ఆ లెక్కమీదే గడిచాయి. మిగతా చేతులు ఆయన మనసు పెట్టి ఆడలేదు. మా ఇద్దరికీ కలిపి 85 డాలర్లు పోయాయి. గదికి వచ్చాక హోటల్ వాళ్ల చిన్న నోట్ ప్యాడ్ తీసుకుని కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాడు. బాబాయ్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఒక అంకెకు నాలుగు ముక్కలు, వాటిలోంచి మూడు తీస్తే నాలుగు రకాలు, అంకెలు పదమూడు, మొత్తం 52. ఇక వరసలు: ఆసు రెండు మూడు దగ్గర మొదలుపెట్టి రాణి రాజు ఆసు దాకా పన్నెండు, రంగులు నాలుగు, మొత్తం 48. పేకలో మూడు ముక్కలు పడే రకాలు 22,100. అందులో 52 ఒకటి, 48 ఇంకొకటి. అరుదైంది వరసే. అంటే పట్టీ తప్పు కాదు.

పెన్ను కింద పెట్టి చాలాసేపు ఆ కాగితం చూశాడు. "నాలుగే తేడా. ఇన్నేళ్లూ ఒక్కసారీ వేసి చూడలేదు చూడు" అన్నాడు. నాకు ఆ గదిలో, ఆ దీపం కింద, ఎనిమిదో తరగతిలో ఆయన నాకు లెక్కలు చెప్పిన రోజులు కళ్లముందు నిలిచాయి. ఆ కాగితం ఇప్పుడు నా పర్సులో ఉంది.

ఆ రాత్రి క్రాప్స్ అనే పాచికల ఆట బల్ల దగ్గర 120 పోయింది. ఎవరు పాచికలు పట్టినా నాలుగైదు విసుర్లలో అయిపోయింది. బాబాయ్ ఆడుతూనే ఉన్నాడుగానీ, ఎక్కువసేపు చూడడమే. శనివారం మధ్యాహ్నం ఫ్రీమాంట్ వీధికి వెళ్లాం. పెద్ద పెద్ద హోటళ్లుండే స్ట్రిప్ కంటే నాకు ఈ పాత ఊరే ఇష్టం. 1941లో తెరిచిన ఎల్ కోర్టెజ్ ఇక్కడే ఉంది, కప్పు తక్కువ ఎత్తులో, పాతకాలపు సినిమా హాలు లోపలికి వెళ్లినట్టుంటుంది. ఒకే పేకతో ఆడే బ్లాక్‌జాక్ బల్ల, 3కి 2 చెల్లింపు. అక్కడ 60 పోయాయి, ఐనా మనసు కష్టపడలేదు. రమ్మీలో పడేసిన ముక్కలు గుర్తుపెట్టుకునే మనిషి బాబాయ్. పదులు ఎన్ని వెళ్లిపోయాయో నాకు చెవిలో చెబుతూనే ఉన్నాడు.

అసలు చెప్పాలనుకున్నది శనివారం రాత్రి సంగతి. ఫ్రీమాంట్ పక్కనే ఇంకో పాత కాసినోలో పది డాలర్ల క్రాప్స్ బల్ల. పడవలా పొడుగ్గా ఉంటుంది, చుట్టూ ఛాతీ ఎత్తున గోడ. మధ్యలో వంకర కర్ర పట్టుకున్న డీలరు, ఎదురుగా కూర్చుని డబ్బు కనిపెట్టే ఆయన, రెండు వైపులా ఇద్దరు డీలర్లు. డబ్బు వాళ్ల చేతికివ్వకూడదు, బల్ల మీద పెట్టాలి.

ఆట చెప్పడానికి నాకెప్పుడూ ఉత్సాహమే. మొదటి విసురులో 7 గానీ 11 గానీ పడితే పాస్ లైన్ మీద, అంటే విసిరేవాడి పక్షాన పందెం కాసే గీత మీద పెట్టినవాళ్లంతా గెలుస్తారు. 2, 3, 12 పడితే పోతుంది. ఇంకేది పడినా అదే పాయింటు. 7 కంటే ముందు అది మళ్లీ పడాలి. రెండు పాచికల్లో మొత్తం 36 రకాలు, 7 పడే దారులు ఆరు, 6కీ 8కీ ఐదేసి, 4కీ 10కీ మూడేసి. పాస్ లైన్‌లో కాసినో వాటా వందకు 1.41. పాయింటు పడ్డాక దాని వెనక పెట్టే ఆడ్స్ పందెంలో కాసినో వాటా అసలు లేదు, పడే అవకాశానికి తగ్గట్టు ఇస్తారు: 4, 10కి రెండింతలు, 5, 9కి రెండుకి మూడు, 6, 8కి ఐదుకి ఆరు. నేను పది లైన్ మీద, ఇరవై వెనక పెడతాను. మధ్యలో ఉండే రంగుల గళ్ల జోలికి పోను. ఒక్క విసురులో 7 పడుతుందనే పందెంలో కాసినో వాటా 16.67 శాతం.

పాచికలు మా వైపుకి వచ్చాయి. కర్రతో ఐదు పాచికలు బాబాయ్ ముందుకి తోశారు, రెండు ఎంచుకోవాలి.

"నేనా?" అన్నాడు.

"నువ్వే బాబాయ్. ఒక చేత్తోనే పట్టుకో. అవతలి గోడకి తగలాలి."

ఎరుపు పాచికలు, అవతలిది కనిపించేంత తేట. ముప్పావు అంగుళం. అంచులు చాకులా పదునుగా ఉంటాయి, చుక్కల గుంటల్లో రంగు నింపి పైకి సమంగా చదును చేసి ఉంటుంది, వేలితో తడిమితే గుంట తగలదు. బాబాయ్ బొటనవేలితో అదే తడిమి చూశాడు. మా ఊరి సంక్రాంతి బరుల పక్కన గుండాట ఆడించేవాళ్ల దగ్గర మూలలు అరిగిపోయిన పాచికలు ఉండేవి, డబ్బాలో వేసి గిలకొట్టి బోర్లించేవాళ్లు. "ఇవి నిజాయితీగా ఉన్నాయి" అన్నాడు.

మొదటి విసురు 11. బల్ల చుట్టూ పదిమంది ఉన్నారు, పదిమందీ గెలిచారు. తర్వాత 6 పాయింటు. 9, 4, 8, మళ్లీ 6. ఎదురుగా టోపీ పెట్టుకున్న పెద్దాయన బల్లమీద గుద్దాడు. తర్వాత 4. అది కష్టమైన పాయింటు. బాబాయ్ నా వైపు వంగి, "ఆరున్నొక్కటి పడితే పోయినట్టేనా?" అని మెల్లగా అడిగాడు. నేను నవ్వలేదు, నా ఒళ్లు జలదరించింది. ఆ బల్ల దగ్గర పాయింటు నడుస్తుండగా ఆ అంకె పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తితే పక్కవాళ్లు కోప్పడతారు. ఈ సంగతి బాబాయ్‌కి నేను చెప్పనే లేదు.

5, 8, 8, 10, 3. ప్రతి విసురుకీ ముందు పాచికలు ఒక్కసారి అరచేతిలో నొక్కి, మోచెయ్యి చాచి, విత్తనాలు చల్లుతున్నట్టు వదులుతున్నాడు. తర్వాత 4 పడింది. ఇరవైకి నలభై. ఆ అరుపులో నా గొంతు నాకే వినిపించలేదు. నాకు ఈ ఆట మీద ప్రేమ ఇందుకే. పేకలో బాబాయ్ గెలిస్తే పెదనాన్న ఓడాలి, ఇంట్లో రెండు రోజులు మాటలుండవు. ఇక్కడ బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది ఒకే గీత మీద డబ్బు పెట్టి, ఒకే చేతి వంక చూస్తారు. హవాయి నుంచి వచ్చిన ఒకావిడ బాబాయ్‌ని "అంకుల్" అని పిలవడం మొదలుపెట్టింది. ఈ పక్క వీధిలోని కాలిఫోర్నియా హోటల్లో 1989 మే 28న తమ హవాయి ఆయనే, స్టాన్లీ ఫుజిటాకే, మూడు గంటల ఆరు నిమిషాలు పాచికలు వదలకుండా ఆడాడని చెప్పింది.

తర్వాత పాయింటు 8. 5, 6, ఆ తర్వాత నాలుగూ నాలుగూ. ఆ పైన 9, 5, 10.

ఇరవై ఒకటో విసురుకి ఆ అంకె పడింది. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత టోపీ పెద్దాయన చప్పట్లు మొదలుపెట్టాడు, బల్లంతా కొట్టింది. సగటున ఒక మనిషి ఎనిమిదిన్నర విసుర్లు వేస్తాడు. బాబాయ్ చేతులు రెండూ గోడ అంచు మీద పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. "మా నాన్న ఇది ఆడి ఉంటే బాగుండేది" అన్నాడు. నేనేం అనలేదు. చిప్స్ సర్దుకుని, డీలర్లకు 25 ఇచ్చి వచ్చేశాం. ఇద్దరికీ కలిపి 210 వచ్చింది.

పొద్దున గదిలో రెండు కవర్లూ మంచం మీద పోసి లెక్కపెట్టాం. 520. రెండు రోజుల ఆటకు 80 డాలర్లు. బాబాయ్ ఆ సంగతి పిన్నికి ఫోన్లో తప్పకుండా చెప్పాలన్నాడు, చెప్పాడు కూడా. పిన్ని అటునుంచి అడిగింది పులిహోర పాడవలేదు కదా అని.

వీసా ఇంకో నాలుగు నెలలుంది. ఈసారి మూడు ముక్కల బల్ల వద్దు, పాచికలు చాలు, ఆ హవాయి ఆవిడ చెప్పిన హోటల్‌కి వెళ్దాం అంటున్నాడు. వచ్చే నెల రెండో శుక్రవారానికి గదులున్నాయేమో చూస్తున్నాను.